స్పీడోమీటర్ ఆగాగి పనిచేస్తూ, స్టీరింగ్ బిగుస్తోందా? లోపాన్ని వరుసగా పట్టుకునే పద్ధతి

చాలామంది అడిగే ప్రశ్న ఇది. బండి బాగానే నడుస్తుంటుంది. ఉన్నట్టుండి స్పీడ్ ముల్లు సున్నాకి పడుతుంది, మీటర్లో స్టీరింగ్ గుర్తున్న లైటు వెలుగుతుంది, మలుపులో తిప్పబోతే స్టీరింగ్ బరువెక్కి ఉంటుంది. పక్కకి తీసి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అంతా మామూలే. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఒక్కసారి కూడా రాదు. ఇప్పుడు ఏ పార్టు మార్చాలి?

ముందే ఏ పార్టూ మార్చొద్దు. వచ్చిపోయే లోపానికి పార్టులు మార్చి చూడటమంత ఖరీదైన పద్ధతి ఇంకోటి లేదు. మార్చిన రోజు లోపం రాదు, అదే కారణమని అనుకుంటాం. కొన్నాళ్లకి మళ్లీ మొదలవుతుంది. అప్పటికి డబ్బూ పోయింది, అసలు ఆనవాళ్లూ చెరిగిపోయాయి.

మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లు ఈ వరుసలో వెళ్తే చాలా వరకు సొంతంగా తేల్చుకోవచ్చు. రానివాళ్లు 1 నుంచి 4 వరకు చేసి, ఆ వివరాలతో మెకానిక్ దగ్గరికి వెళ్తే సగం పని అయిపోయినట్టే.

1. రెండు లోపాలూ ఎందుకు కలిసి వస్తాయి

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అంటే ఈపీఎస్. దాని కంట్రోలర్ మోటారుకి ఎంత కరెంటు ఇవ్వాలో తేల్చుకోవడానికి ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది: మీరు స్టీరింగ్‌ని ఎంత బలంగా తిప్పుతున్నారు, బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ నడుస్తోందా లేదా. పార్కింగ్‌లో సాయం ఎక్కువ ఇస్తుంది, హైవే మీద తగ్గిస్తుంది.

స్పీడ్ సమాచారం మధ్యలో తెగిపోతే కంట్రోలర్ లైటు వెలిగిస్తుంది. ఆ తర్వాత ఏం చేస్తుందనేది మోడల్‌ని బట్టి మారుతుంది. కొన్నింటిలో సాయం ఒక స్థిరమైన స్థాయికి వెళ్తుంది, కొన్నింటిలో పూర్తిగా ఆగిపోతుంది.

అందుకే రెండూ ఒకే క్షణంలో పోతే ముందు అనుమానించాల్సింది ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిని: స్పీడ్ సిగ్నల్, బ్యాటరీ సప్లై, ఎర్త్ (కరెంటు బాడీ, ఇంజిన్ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి), కంట్రోలర్ల మధ్య సమాచారం మోసే క్యాన్ వైర్లు. స్టీరింగ్ కాలమ్, మీటర్ బోర్డు ఒకేసారి చెడిపోవడం చాలా అరుదు.

2. ముట్టుకునే ముందు జాగ్రత్తలు

నడుస్తుండగా ఈపీఎస్ ఆగిపోయినా చక్రాలకీ స్టీరింగ్‌కీ మధ్య మెకానికల్ లింకు అలాగే ఉంటుంది. స్టీరింగ్ తిరుగుతుంది, కానీ బలం కావాలి. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ఇండికేటర్ వేసి పక్కకి రండి.

బండి కదులుతుండగా మాత్రం ఇగ్నిషన్ ఆపొద్దు. "ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది" అని కొందరు నడుస్తుండగానే తాళం తిప్పేస్తారు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్ సాయం రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. తాళం ఇంకాస్త వెనక్కి తిరిగితే స్టీరింగ్ లాకే పడొచ్చు. పూర్తిగా ఆగాకే ఆఫ్ చేయాలి.

పని మొదలుపెట్టే ముందు:

☐ స్టీరింగ్ కాలమ్ కింద పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు) ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని విప్పొద్దు, మల్టీమీటర్ పిన్నులు పెట్టొద్దు.
☐ చక్రం లేపాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్ పెట్టాలి. వెనక చక్రాలకి అడ్డు పెట్టాలి.
☐ ఈపీఎస్ ఫ్యూజ్ తీయాలన్నా, దాని లావు వైర్లు విప్పాలన్నా ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి.
☐ లోపం తేలేదాకా ఘాట్ రోడ్డు, రాత్రి హైవే ప్రయాణాలు మానుకోవాలి. అరకు, శ్రీశైలం ట్రిప్పులు తర్వాత పెట్టుకోండి.

3. కావలసిన సామాన్లు

డిజిటల్ మల్టీమీటర్, హెడ్‌లైట్ బల్బు ఒకటి (55 వాట్లది, రెండు వైర్లు తగిలించి), కాంటాక్ట్ క్లీనర్, సన్న గరుకు కాగితం, టార్చి, కప్లర్ వెనక నుంచి లోపలికి దూర్చడానికి సన్నని సూదులు, ఒక నోట్‌బుక్.

స్కానర్ విషయంలో ఒక మాట. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్ యాప్ ఇంజిన్ కోడ్లు (కంట్రోలర్ దాచుకున్న లోపాల నంబర్లు) చూపిస్తాయి. ఈపీఎస్, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) కంట్రోలర్ల లోపలికి అవి చాలా బండ్లలో వెళ్లలేవు. ఆ రెండింటినీ చదివే స్కానర్ ఉన్న షెడ్డు ఎక్కడుందో ముందే కనుక్కోండి. మీ మోడల్ వైరింగ్ డయాగ్రామ్ దొరికితే అది స్కానర్ కంటే విలువైనది.

4. లోపం వచ్చిన క్షణాన్ని పట్టుకోండి

మొత్తం పనిలో ముఖ్యమైన అంచె ఇదే. చాలామంది దీన్ని దాటేసి నేరుగా బానెట్ ఎత్తుతారు.

పక్క సీటులో ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌తో మీటర్ బోర్డు వీడియో తీయించండి. మీరు రోడ్డు మీదే చూపు పెట్టాలి. రెండో ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ నడుస్తుంటే ఇంకా మంచిది. లోపం వచ్చినప్పుడల్లా ఇవి రాయండి:

☐ స్పీడ్ ముల్లు ఒక్కసారిగా పడిందా, వణికి పడిందా?
☐ అదే సమయంలో ఆర్‌పీఎం ముల్లు, ఫ్యూయెల్ ముల్లు ఏం చేశాయి?
☐ ఏ ఏ లైట్లు వెలిగాయి: ఈపీఎస్, ఏబీఎస్, బ్యాటరీ, చెక్ ఇంజిన్?
☐ స్టీరింగ్ ముందు బరువెక్కిందా, ముల్లు ముందు పడిందా?
☐ ఎండా, వానా? ఇంజిన్ చల్లగా ఉందా, వేడెక్కాకా?
☐ గుంత, స్పీడ్ బ్రేకర్, పూర్తి మలుపు, గేరు మార్పు – ఏదైనా జరిగిందా?
☐ ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు ఆన్‌లో ఉన్నాయా?
☐ తనంతట తానే తగ్గిందా, ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తేనే తగ్గిందా?

కొన్నిసార్లు పట్టుబడ్డాక ఒక పోకడ కనిపిస్తుంది. దాన్ని ఇలా చదవండి.

స్పీడ్ ముల్లు ఒక్కటే పడి, స్టీరింగ్ మామూలుగా ఉంటే: మీటర్‌కి వచ్చే సిగ్నల్ వైరు, లేదా మీటర్లోనే లోపం.

స్పీడ్ ముల్లు, ఈపీఎస్ లైటు కలిసి వస్తే: స్పీడ్ సెన్సర్, దాని కప్లర్, దాని వైరు.

స్పీడ్ ముల్లుతో పాటు ఏబీఎస్ లైటు వస్తే: చక్రాల దగ్గరి సెన్సర్లు, లేదా ఏబీఎస్ యూనిట్ సప్లై.

ముళ్లన్నీ ఒకేసారి పడి లేస్తే: మీటర్ బోర్డు సప్లై లేదా ఎర్త్.

మీటర్లో లైట్లన్నీ ఒకేసారి వెలిగితే: బ్యాటరీ, చార్జింగ్, ప్రధాన ఎర్త్, క్యాన్ వైర్లు.

స్పీడ్ ముల్లు బాగుండి ఈపీఎస్ లైటు ఒక్కటే వచ్చి స్టీరింగ్ బిగిస్తే: ఈపీఎస్ సప్లై, టార్క్ సెన్సర్ (స్టీరింగ్‌ని ఎంత బలంగా తిప్పుతున్నారో కొలిచేది), మోటారు.

ఏ లైటూ లేకుండా స్టీరింగ్ బరువుగా ఉంటే: ముందు టైర్లలో గాలి చూడండి. తర్వాత కాలమ్ కింద ఉండే యూజే జాయింట్ (స్టీరింగ్ రాడ్డు వంగే చోటి కీలు), బాల్ జాయింట్లు, స్ట్రట్ పైన బేరింగ్. ముందు చక్రాలు రెండూ లేపి, ఇంజిన్ ఆపి చేత్తో తిప్పితే ఎక్కడ పట్టేస్తోందో తెలుస్తుంది. ఇది కరెంటు లోపం కాదు, స్కానర్‌కి దొరకదు.

ఇంకొకటి లోపమే కాదు. ఇరుకు పార్కింగ్‌లో స్టీరింగ్‌ని అటు చివరికీ ఇటు చివరికీ పదేపదే తిప్పితే మోటారు వేడెక్కకుండా కంట్రోలర్ సాయం తగ్గిస్తుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ తేలికవుతుంది. దీనికి టెన్షన్ అక్కర్లేదు.

5. మీ బండి ఏ రకమో తేల్చుకోండి

వ్యాగన్ ఆర్, ఆల్టో కె10, ఐ10 లాంటి చిన్న బండ్లలో పవర్ స్టీరింగ్ ఉన్న వేరియంట్లు ఎలక్ట్రిక్. బొలెరో, పాత ఇన్నోవా, పాత స్కార్పియో లాంటివి హైడ్రాలిక్: బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్ డబ్బా ఉంటాయి. బానెట్ ఎత్తి పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా ఉందో లేదో చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది.

స్పీడ్ సమాచారం ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో ప్రశ్న. ఏబీఎస్ లేని పాత బండ్లలో గేర్ బాక్స్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది, సాధారణంగా మూడు వైర్లు. ఏబీఎస్ ఉన్న చాలా బండ్లలో చక్రాల సెన్సర్ల నుంచి ఏబీఎస్ యూనిట్ లెక్కగట్టి క్యాన్ ద్వారా పంపుతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంటే కొత్త బండి అయితే చక్రాల వైపు, పాత బండి అయితే గేర్ బాక్స్ వైపు ముందు చూడాలి. ఏబీఎస్ ఉండి కూడా గేర్ బాక్స్ సెన్సర్ వాడే మోడళ్లు ఉన్నాయి, డయాగ్రామ్‌తో ఖాయం చేసుకోండి.

డయాగ్రామ్‌లో మరొకటి చూడండి. కొన్ని బండ్లలో సెన్సర్ సిగ్నల్ నేరుగా మీటర్ బోర్డుకి వెళ్లి, అక్కడి నుంచే ఇంజిన్ కంట్రోలర్‌కీ ఈపీఎస్‌కీ పంచబడుతుంది. అలాంటి బండిలో మీటర్ వెనక కప్లర్ వదులైతే స్టీరింగ్ కూడా దెబ్బతింటుంది. ఈ సంగతి తెలియక కొత్త సెన్సర్లు కొనేవాళ్లు చాలామంది.

6. బ్యాటరీ, చార్జింగ్, ఎర్త్

ఈపీఎస్ మోటారు స్టీరింగ్ తిప్పినప్పుడు పదుల యాంపియర్లు లాగుతుంది. బండిలో స్టార్టర్ తర్వాత ఇంత కరెంటు లాగేవి తక్కువ. అందుకే సప్లైలో ఏ చిన్న బలహీనత ఉన్నా ముందు బయటపడేది ఇక్కడే. స్టార్ట్ అవుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకోవద్దు.

అ) రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ మీద సుమారు 12.6 వోల్టులు ఉండాలి. 12.2 ఉంటే సగమే చార్జ్ ఉన్నట్టు.

ఆ) సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు.

ఇ) ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. చార్జింగ్‌ని కంప్యూటర్ నడిపే కొత్త బండ్లలో ఈ అంకె కొంత అటూ ఇటూ మారుతుంది, అది సహజమే. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ వేసి, ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మళ్లీ చూడండి. 12 దగ్గరికి జారిపోతుంటే ఆల్టర్నేటర్, బెల్టు చూపించాలి.

ఈ) ఇప్పుడు ఎర్త్. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ గడ్డ మీద (పైనున్న క్లాంపు మీద కాదు), రెండోది ఇంజిన్ మీద మెరిసే లోహం మీద పెట్టండి. లోడు అంతా ఆన్‌లో ఉండగా 0.2 వోల్టులు దాటకూడదు. అలాగే బాడీ మీదా చూడండి. దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పు, వదులు ఉన్నట్టే.

ఇంజిన్ ఆపి ఈ కొలత తీస్తే ఉపయోగం లేదు. కరెంటు పారేటప్పుడే లోపం కనిపిస్తుంది.

ఎర్త్ బోల్టు విప్పి, పెయింటు, తుప్పు పోయేలా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయండి. గ్రీజు బిగించాకే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తిరిగే బండ్లకి ఉప్పు గాలి వల్ల ఈ పని ఏటా చేసుకోవడం మంచిది.

7. కోడ్లు చదవండి, చెరపకండి

స్కానర్ పెట్టగానే చాలా షెడ్లలో జరిగేది ఒకటే: కోడ్లు చూసి, వెంటనే చెరిపేసి, "ఇప్పుడు తిప్పి చూడండి సార్" అంటారు. వచ్చిపోయే లోపానికి ఆ పాత కోడ్లే ఆధారం. ముందు ప్రతి కంట్రోలర్ తెర ఫొటో తీసుకోండి: ఇంజిన్, ఏబీఎస్, ఈపీఎస్, మీటర్ బోర్డు. ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే అదీ. లోపం వచ్చిన క్షణంలో స్పీడ్, వోల్టేజ్ ఎంతో అందులో ఉంటాయి.

తరచుగా కనిపించేవి:

- పీ0500: ఇంజిన్ కంట్రోలర్‌కి స్పీడ్ సిగ్నల్ అందలేదు.
- సీ0035: ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్.
- యూ0100: ఇంజిన్ కంట్రోలర్‌తో సంబంధం తెగింది.
- యూ0131: పవర్ స్టీరింగ్ కంట్రోలర్‌తో సంబంధం తెగింది.
- యూ0155: మీటర్ బోర్డుతో సంబంధం తెగింది.

"స్పీడ్ సెన్సర్ కోడ్ వచ్చింది కాబట్టి సెన్సర్ పోయింది" అనుకోకూడదు. సిగ్నల్ రాలేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. సెన్సర్, కప్లర్, వైరు, సప్లై – నాలుగింట్లో ఏది పోయినా అదే కోడ్.

ఒకేసారి వేర్వేరు కంట్రోలర్లలో యూతో మొదలయ్యే కోడ్లు (సంబంధం తెగినవి) చాలా ఉంటే 6వ అంచెకి వెనక్కి వెళ్లి సప్లై, ఎర్త్ మళ్లీ చూడండి.

ఆ తర్వాత లైవ్ డేటా, అంటే బండి నడుస్తుండగా కంట్రోలర్ అప్పటికప్పుడు చూపించే అంకెలు. ఫోన్ యాప్‌లో ఇంజిన్ కంట్రోలర్ చెప్పే స్పీడ్, మీటర్ ముల్లు, జీపీఎస్ స్పీడ్ మూడింటినీ కలిపి చూడండి. ముల్లు పడినా యాప్‌లో స్పీడ్ నిలబడితే సెన్సర్ బాగుంది, లోపం మీటర్ వైపు. రెండూ పడితే సెన్సర్ వైపు. సిగ్నల్ ముందు మీటర్‌కి వెళ్లే బండిలో మాత్రం రెండూ పడినా మీటర్‌ని వదిలిపెట్టకూడదు.

8. స్పీడ్ సిగ్నల్ దారి

8.1 గేర్ బాక్స్ సెన్సర్ ఉన్న బండి

మూడు వైర్ల హాల్ సెన్సర్ (అయస్కాంతపు మార్పుని పసిగట్టే రకం) అయితే ఒకటి సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కప్లర్ విప్పకుండానే వెనక నుంచి సూది దూర్చి కొలవాలి. విప్పి, మళ్లీ తగిలిస్తే వదులు పిన్ను తాత్కాలికంగా సర్దుకుని లోపం దాక్కుంటుంది.

హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ఒక ముందు చక్రం లేపి స్టాండ్ మీద నిలపండి. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతుంటే సిగ్నల్ వైరు మీద వోల్టేజ్ సున్నా దగ్గర నుంచి 5కో 12కో (మోడల్‌ని బట్టి) ఎగిరి మళ్లీ పడుతుండాలి. ఇది ముందు చక్రాలతో నడిచే బండికి చెప్పిన పద్ధతి.

- సప్లై లేకపోతే: ఫ్యూజ్, ఆ వైరు.
- సప్లై, ఎర్త్ ఉండి సిగ్నల్ కదలకపోతే: సెన్సర్ విప్పి కింద ప్లాస్టిక్ పళ్లచక్రం చూడండి. పళ్లు అరిగితే ముల్లు వణుకుతుంది, తర్వాత ఆగిపోతుంది.
- సిగ్నల్ బాగా వస్తుంటే: సెన్సర్‌ని వదిలి వైరు వెంట వెళ్లండి.

కప్లర్ విప్పాల్సి వచ్చినప్పుడు టార్చి వేసి లోపల చూడండి. పచ్చని పొడి ఉంటే నీళ్లు దిగాయి. గేర్ బాక్స్ ఆయిల్ తడి ఉంటే సెన్సర్ సీల్ పోయింది. ఆడ పిన్ను నోరు తెరుచుకుని ఉంటే, అదే సైజు మగ పిన్ను దూర్చి లాగండి: కాస్త పట్టి వదలాలి, జారిపోతే ఆ పిన్ను మార్చాలి.

8.2 చక్రాల సెన్సర్లు ఉన్న బండి

స్కానర్‌లో నాలుగు చక్రాల స్పీడ్ పక్కపక్కన పెట్టి, ఖాళీ రోడ్డు మీద నేరుగా నెమ్మదిగా వెళ్లండి. ఇంకొకరు స్కానర్ చూడాలి. ఒక చక్రం మాత్రం మధ్యమధ్యలో సున్నాకి పడుతుంటే ఆ మూల దొరికింది.

కొత్త బండ్లలో ఈ సెన్సర్లు రెండు వైర్ల యాక్టివ్ రకం, అంటే సప్లై ఇస్తేనే పనిచేసేవి. వీటిని ఓమ్ మీటర్‌తో కొలవొద్దు, అంకెకి అర్థం ఉండదు. పైగా సెన్సర్ పాడవ్వొచ్చు. పాత కాయిల్ రకానికి మాత్రం ఓమ్‌లు కొలవొచ్చు, సుమారు వెయ్యి ఓమ్‌ల దగ్గర ఉంటుంది.

వీల్ బేరింగ్ మార్చిన తర్వాత మొదలైన లోపమైతే జాగ్రత్తగా వినండి. చాలా బేరింగుల ఒక వైపు సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. బేరింగ్ తిరగేసి ఎక్కిస్తే సెన్సర్‌కి ఏమీ కనపడదు. బేరింగ్ పూర్తిగా లోపలికి దిగకపోతే సిగ్నల్ బలహీనమై వచ్చిపోతుంటుంది. సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా ఇది తగ్గదు.

8.3 తరవాత తగిలించిన సామాన్లు

మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, సెంట్రల్ లాకింగ్, జీపీఎస్ ట్రాకర్ – వీటిలో కొన్నింటికి స్పీడ్ వైరు కలుపుతారు. వైరు తోలు కోసి, చుట్టి, టేపు వేసి వదిలేస్తారు. ఎండాకాలం మన కార్లలోపలి వేడికి ఆ టేపు జిగురు కారిపోయి ఊడుతుంది. డాష్‌బోర్డు కింద ఇలాంటి అతుకు కనపడితే ముందు దాన్ని అనుమానించండి.

క్యాబ్‌లకి స్పీడ్ గవర్నర్ (స్పీడు ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం) ఉంటుంది, చాలా వాటిలో అదీ ఇదే సిగ్నల్ వాడుతుంది. దానికి సీలు ఉంటుంది కాబట్టి సొంతంగా విప్పకుండా, బిగించిన డీలర్ చేతే కనెక్షన్ చూపించాలి.

9. ఈపీఎస్ దారి

ముందు ఫ్యూజ్. చాలా బండ్లలో ఇది నట్లతో బిగించే పెద్ద ఫ్యూజ్. కాలిపోయిందా అని మాత్రమే చూసి వదిలేయకండి. నట్టు వదులైతే ఫ్యూజ్ బాగుండి కూడా కరెంటు ఆగాగి వెళ్తుంది. చుట్టూ ప్లాస్టిక్ రంగు మారి ఉంటే అదే ఆనవాలు.

తర్వాత కంట్రోలర్ దగ్గర సప్లై, లోడు మీద. ఇంజిన్ ఐడిల్‌లో, ఒకరు స్టీరింగ్ తిప్పుతుండగా బ్యాటరీ పాజిటివ్‌కీ కంట్రోలర్ పాజిటివ్ పిన్నుకీ మధ్య కొలవండి. అర వోల్టు దాటితే ఆ దారిలో నష్టం ఉంది. ఎర్త్ వైపు 0.2 హద్దు.

ఒకవేళ కప్లర్ విప్పి సప్లై చూస్తే మల్టీమీటర్‌ని నమ్మొద్దు. ఒక్క రాగి పోగు మిగిలిన వైరు కూడా మీటర్‌కి 12 వోల్టులు చూపిస్తుంది. హెడ్‌లైట్ బల్బు తగిలిస్తే మసకగా వెలిగి నిజం చెబుతుంది. బల్బు పరీక్ష ఈ లావు సప్లై, ఎర్త్ వైర్లకే. సెన్సర్, క్యాన్, ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద ఎప్పుడూ చేయొద్దు.

సప్లై, ఎర్త్, స్పీడ్ సిగ్నల్, ఇంజిన్ ఆర్‌పీఎం సిగ్నల్ నాలుగూ బాగున్నాయని తేలాక, టార్క్ సెన్సర్ లేదా మోటారు కోడ్ పదేపదే వస్తుంటేనే కాలమ్ గురించి ఆలోచించాలి. కాలమ్ మార్చినా, విప్పినా చాలా మోడళ్లలో స్కానర్‌తో టార్క్ సెన్సర్ న్యూట్రల్ సెట్ చేయాలి. అది చేయకపోతే స్టీరింగ్ ఒక పక్కకి తానే లాగుతుంది.

10. కదపండి, వేడిచేయండి, తడపండి

లోపం రావడం కోసం ఎదురుచూడకుండా రప్పించాలి. లైవ్ డేటా తెర ఒకరు చూస్తుండగా, ఇంకొకరు వైరింగ్‌ని జానెడు జానెడు చొప్పున కదుపుతూ వెళ్లాలి. గట్టిగా గుంజడం కాదు, నిదానంగా వంచడం. ఇంజిన్ నడుస్తుంటే ఫ్యాన్, బెల్టుకి చేతులు దూరం.

- గుంతల్లో వస్తే: కప్లర్లు, ఎర్త్ బోల్టులు, మీటర్ వెనక సోల్డర్.
- వేడెక్కాక వస్తే: సెన్సర్ మీద, కంట్రోలర్ మీద హెయిర్ డ్రయర్ పెట్టి చూడండి.
- వానలో వస్తే: ఒక్కో కప్లర్ మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టండి. ఫ్యూజ్ బాక్స్, కంట్రోలర్లు తడపొద్దు.
- స్టీరింగ్ ఒక కోణంలో వస్తే: కాలమ్ కింద వైర్లు ఎక్కడ రాసుకుంటున్నాయో చూడండి.

ఎలుకల సంగతి మరచిపోకండి. పొలాల పక్కన, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కొన్నాళ్లు ఆగిన బండిలో లోపం మొదలైతే బ్యాటరీ కింద, గేర్ బాక్స్ పైన వైర్ల తోలు మీద పంటి గాట్లు వెతకండి.

ఈ పరీక్షతో దొరికిన ఒక లోపం చెబుతాను. గేర్ బాక్స్ సెన్సర్ ఉన్న పాత హ్యాచ్‌బ్యాక్. స్పీడ్ బ్రేకర్ దాటి సెకండ్ గేర్‌లో లాగినప్పుడే ముల్లు పడి, స్టీరింగ్ లైటు వచ్చేది. సెన్సర్ అప్పటికే మార్చి ఉన్నారు. వైరింగ్ కదుపుతూ వస్తే గేర్ బాక్స్ మౌంటింగ్ పక్కన క్లిప్పు దగ్గర సిగ్నల్ పోయింది. పైన టేపు విప్పితే మూడు వైర్ల తోలూ చెక్కుచెదరలేదు. ఒక్కొక్కటి రెండు వేళ్లతో పట్టి లాగితే రెండు గట్టిగా నిలిచాయి, మూడోది రబ్బరులా సాగింది. లోపల రాగి తెగి, తోలు మాత్రమే పట్టుకుని ఉంది. మౌంటింగ్ అరిగిపోయి ఇంజిన్ ఊగినప్పుడల్లా ఆ వైరు లాగబడి, లోపలి రెండు కొసలూ విడిపోయేవి.

వైరు అతికితే ఆ రోజుకి లోపం పోయేది. మౌంటింగ్ మార్చి, వైరుకి కాస్త వదులు ఇచ్చాకే పూర్తయింది. వైరు ఎందుకు తెగిందో దొరకనంతవరకు పని పూర్తి కానట్టే లెక్క.

11. క్యాన్ వైర్ల పరీక్ష

బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. ఓబీడీ సాకెట్‌లో (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. చివర రెండు 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి సుమారు 60 రావాలి. 120 వస్తే ఒక వైపు దారి తెగింది. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ ఎక్కడో కలిసిపోయాయి. మధ్యలో గేట్‌వే (క్యాన్ దారులను వేరుచేసి కలిపే కంట్రోలర్) ఉన్న కొత్త బండ్లలో ఈ అంకె వేరుగా ఉంటుంది, వాటికి సర్వీస్ మాన్యువల్ చూడాల్సిందే.

60 వస్తే, మల్టీమీటర్ చూస్తూ మళ్లీ వైరింగ్ కదపండి. అంకె ఎగిరితే ఆ చోటు దొరికినట్టే.

12. హైడ్రాలిక్ స్టీరింగ్ అయితే

చాలా బండ్లలో దీనికీ స్పీడోమీటర్‌కీ సంబంధం ఉండదు. రెండు లోపాలు ఉంటే రెండు వేర్వేరు పనులుగా చూడండి. ఆయిల్ మట్టం, ఆయిల్‌లో నురగ, పైపుల దగ్గర కారడం, బెల్టు బిగువు వరుసగా చూస్తే చాలు. వానలో, నీళ్లలో వెళ్లినప్పుడు మాత్రమే బిగిస్తే బెల్టు జారుతోంది. ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి, ఏదో ఒకటి పోస్తే సీళ్లు పోతాయి.

13. ఎక్కువగా జరిగే తప్పులు

పెద్ద ఫ్యూజ్ వేయడం. ఫ్యూజ్ పోతోందంటే ఎక్కడో షార్టు ఉంది. దాన్ని వదిలి ఎక్కువ యాంపియర్లది వేస్తే వైరింగ్ కాలుతుంది.

ఈపీఎస్ ఫ్యూజ్ తీసేసి "మామూలు స్టీరింగ్‌లా" నడపడం. మోటారు బరువుతో సహా తిప్పాలి కాబట్టి మామూలు స్టీరింగ్ కంటే అదే కష్టం. అత్యవసరంగా తిప్పాల్సిన చోట చేతులు ఆగిపోతాయి.

కప్లర్లలో గ్రీజు, డబ్ల్యూడీ-40 నింపడం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి, అంతే.

పాత బండి నుంచి తీసిన కాలమ్, మీటర్ బోర్డు కొనడం. కోడింగ్, కిలోమీటర్ల రీడింగ్ తేడాలు వస్తాయి. బండి అమ్మేటప్పుడు ఆ రీడింగే పేచీ అవుతుంది.

ఒకే రోజు నాలుగు మార్పులు చేయడం. లోపం తగ్గినా ఏది తగ్గించిందో తెలియదు. ఒకటి చేసి, నడిపి, రాసుకుని, తర్వాతది.

14. బాగు చేశాక ఖాయం చేసుకోవడం

☐ కోడ్లన్నీ ఇప్పుడు చెరపండి. తేదీ, కిలోమీటర్లు రాయండి.
☐ లోపం ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలో నడపండి: అదే రోడ్డు, అదే గేరు, వీలైతే అదే వాన.
☐ 10వ అంచెలో లోపాన్ని రప్పించిన పద్ధతినే మళ్లీ చేయండి. ఇప్పుడు రాకూడదు.
☐ ముల్లు, జీపీఎస్ స్పీడ్ పోల్చండి. ముల్లు కాస్త ఎక్కువ చూపించడం మామూలే, తక్కువ చూపించకూడదు.
☐ కొన్నాళ్లు నడిపాక ఈపీఎస్, ఏబీఎస్ కోడ్లు మళ్లీ చదివించండి. లైటు రాకపోయినా పెండింగ్ కోడ్ (ఇంకా ఖాయం కాని లోపం గుర్తు) ఉండొచ్చు.
☐ ముల్లు పడి ఉన్న కాలంలో కిలోమీటర్లు లెక్కకి ఎక్కి ఉండకపోవచ్చు. ఆయిల్, బెల్టు సర్వీసుని నెలల లెక్కన చేయించండి.

మెకానిక్‌కి ఇవ్వాల్సి వస్తే 4వ అంచెలో రాసిన కాగితం, వీడియో, కోడ్ల ఫొటోలు ఇచ్చి, "పార్టు మార్చే ముందు ఫోన్ చేసి, ఏ కొలత చూసి మారుస్తున్నారో చెప్పండి" అని అడగండి. పాత పార్టు కూడా తిరిగి తీసుకోండి.